నైలాన్ దారానికి కార్ఖానా ముడి

మా ఆయన కరోనాతో ఆస్పత్రిలో ఉండి వచ్చి నెల దాటింది. ఆ నెలంతా ఆయన నాతో ఆడిన అబద్ధం ఒక్కటే, మంచిగనే ఉన్నానని. సూరత్ నవాగామ్‌లో మా గది రెండో అంతస్తులో ఉంటుంది. పాల ప్యాకెట్ తెస్తానని దిగి, పైకి వచ్చేటప్పుడు మెట్ల మలుపులో ఒకసారి, కుళాయి దగ్గర ఇంకోసారి ఆగేవాడు. ఆగి, ఫోన్ చూసుకుంటున్నట్టు నటించేవాడు. ఆ ఫోన్ ఛార్జింగ్ లేక పొద్దుటి నుంచీ ఆరిపోయి ఉందని నాకు తెలుసు.

రెండోసారి మూతపడ్డ మగ్గాలు ఖటోదరాలో మళ్ళీ మొదలయ్యాయి. సోమవారం వస్తే సరే, లేకపోతే మా ఆయన నడిపే ఎనిమిది మగ్గాల మీద వేరే మనిషిని పెట్టుకుంటానని సేఠ్ కబురు పంపాడు. అది కూర్చుని చేసే పని కాదు. పన్నెండు గంటలు మగ్గాల మధ్య తిరుగుతూనే ఉండాలి, ఎక్కడ పోగు తెగితే అక్కడికి ఉరకాలి. మెట్లెక్కలేని మనిషి అక్కడ ఏం తిరుగుతాడని నా వాదన. పోకపోతే ఏం తింటామని ఆయన వాదన. రెండూ నిజమే కాబట్టి ఆ గొడవ తెగలేదు. వారమంతా చీరలకు రాళ్ళు అంటిస్తూ, తల కూడా ఎత్తకుండా తిట్టాను. నాకు తిట్టే ఓపిక కూడా అయిపోతోంది. ఆ సంగతి ఎవరూ అడగలేదు.

చివరికి ఆయనే పందెం పెట్టాడు.

"ఐతారం పడవ మీద పోదాం. గట్టు నుంచి బ్రిడ్జి దాక నేనే తెడ్డేస్త, మల్ల నేనే తోలుకొస్త. తోలుకొస్తే సోమారం నేను పనికి పోతుంటే నువ్వు నోరు తెరవొద్దు."

సరేనన్నాను. తిట్టడం కంటే అదే సులువనిపించింది.

ఆ పడవ మా కుటుంబం మొత్తానికి ఉన్న ఒకే ఒక్క ఆస్తి. ముగ్గురు కూర్చుంటే నాలుగో మనిషికి చోటుండదు. మా ఆయనా, వాళ్ళ అన్న అంటే మా బావా కలిసి తాపీ నదికి అడాజన్ వైపు గట్టున ఉండే ఒక ముసలి జాలరి దగ్గర కొన్నారు. మొదటి లాక్‌డౌన్‌లో బావ మూట కట్టుకుని ఊరికి వెళ్ళిపోయాడు. మళ్ళీ సూరత్ మొహం చూడనన్నాడు, చూడలేదు కూడా. పడవ మాకు మిగిలింది. చెక్కల సందుల్లో తారు పూసి, ఆ ముసలాయన గుడిసె వెనక బోర్లా వేసి ఉంచాం.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాం. సముద్రం పోటు మీదున్నప్పుడు తాపీలోకి ఉప్పునీళ్ళు ఎగదన్నుతాయి, వాటితో పాటు పెద్ద చేపలు కూడా పైకి వస్తాయి. తళతళలాడే ఒళ్ళు, పెద్ద నోరు, రొయ్య కనిపిస్తే ఆగని ఆకలి. మా కరీంనగర్ చెరువుల్లో అలాంటి చేప లేదు. అడాజన్‌లో టిఫిన్ సెంటర్ నడిపే కోనసీమ ఆవిడ ఒకసారి చూసి, ఇది పండుగప్ప అని చెప్పింది. చెబుతూనే ఆవిడ నోట్లో నీళ్ళూరాయి.

గాలం సిద్ధం చేసే పని ఇదివరకు బావది. ఆ రోజు మా ఆయన మీద పడింది. ఆ చేప చెంపల అంచులు బ్లేడులా ఉంటాయి, సన్నదారాన్ని కోసేస్తాయి. అందుకని గాలం దగ్గర మూరెడు లావు దారం పెట్టి, దాన్ని సన్నదారానికి ముడివేయాలి. ముడి అనగానే మా ఆయన మొహం వెలిగింది. పదమూడేళ్ళ వయసు నుంచీ, మగ్గం మీద తెగిన పోగులు కలుపుతూ, ఆ వేళ్ళు చేసిన పని అదే. బొటనవేలి మీద రెండు పోగులూ పెట్టి, ఒక మెలిక తిప్పి లాగాడు. నేను కళ్ళార్పేలోపు ముడి పడిపోయింది. తర్వాత కార్ఖానాలో చేసినట్టే, మిగిలిన కొసలు రెండూ ముడి మొదలంటా కొరికేశాడు. మగ్గం మీద కొస మిగిలితే పక్క పోగులకు చిక్కుకుంటుంది, బట్టలో మచ్చ పడుతుంది, సేఠ్ కూలీ కోస్తాడు. అందుకే వాళ్ళు కొస మిగల్చరు. గట్టు మీద కూర్చున్న ముసలాయన చూసి, ఇది నైలాన్, జారుతుంది, కొస కొంచెం వదులు అని హిందీలో చెప్పాడు. మా ఆయన నవ్వాడు. ముడి గురించి తనకే చెబుతున్నాడు చూడమన్నట్టు నా వైపు తిరిగాడు. ఎన్నాళ్ళకో చూశాను ఆ గీర. నాకూ నచ్చింది, అబద్ధమెందుకు.

తెడ్డు ఆయనే వేశాడు. పోటు ఎగువకే తోస్తోంది కాబట్టి పడవ దానంతటదే పోతోంది. ఆయన మాత్రం అంతా తన రెక్కల బలమే అన్నట్టు కూర్చున్నాడు. బ్రిడ్జి నీడలోకి చేరాక నేను నోరు మూసుకుని తాడు స్తంభానికి కట్టాను. పందెం సగం ఆయన గెలిచినట్టే.

బతికున్న రొయ్యను గుచ్చి వదిలిన అరగంటకు దారం బిగిసింది. చేప నీళ్ళలోంచి మనిషి నడుమెత్తు లేచి, తల విదిలించి మళ్ళీ పడింది. చేతికి గుడ్డ చుట్టుకుని దారం వదులుతూ, లాగుతూ, ఆయన పిచ్చివాడిలా నవ్వాడు. నేను వల బుట్ట పట్టుకుని వంగాను. చేప పడవ పక్కకు వచ్చింది. దాని కన్ను కూడా కనబడింది. అంతలో ఒక్క గుంజు గుంజింది. ఆయన వెనక్కి పడ్డాడు.

దారం తెగలేదు. ఆయన చేతిలోకి వచ్చిన కొస మెలికలు తిరిగి ఉంది. ముడి జారింది. దాన్ని వేళ్ళ మధ్య పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ముసలోడు చెప్పిండు గదా" అని నోటిదాకా వచ్చింది. అనలేదు. ఇన్నేళ్ళలో ఆ మనిషి వేసిన ముడి విడిపోవడం నేను చూడలేదు, బహుశా ఆయనా చూడలేదు.

అప్పటికి పోటు ఆగి నీళ్ళు నిలకడగా ఉన్నాయి. తిరుగు ప్రయాణంలో తోసేవాళ్ళెవరూ లేరు. ఆయన పది పన్నెండు తెడ్లు వేసి, పడవలో నీళ్ళు చేరాయంటూ డబ్బాతో తోడాడు. అక్కడ తోడేంత నీళ్ళు లేవు. మళ్ళీ నాలుగు వేశాడు. మెడ నరాలు ఉబ్బాయి, పెదాలు నల్లబడ్డాయి. గట్టు ఇంకా అంత దూరంలోనే ఉంది. చేయి చాచి తెడ్డు తీసుకున్నాను. వదిలేశాడు. పోట్లాడతాడనుకున్నాను. వదిలేసినందుకే నాకు భయం వేసింది.

నాకు పడవ నడపడం రాదు. ముందుకు కంటే పక్కలకే ఎక్కువ పోయింది. ఆయన తల వంచుకుని ఊపిరి కూడగట్టుకుంటున్నాడు. ఊపిరి అందాక అన్నాడు.

"సేఠ్‌కు నువ్వే ఫోన్ చెయ్యి. రాలేనని నా నోటితోని చెప్పుడు నాతోని గాదు."

నెల రోజులుగా నేను కోరుకున్న మాట అదే. వినగానే సంతోషం వస్తుందనుకున్నాను. రాలేదు. చేతులు లాగేస్తున్నాయి, అరచేతులు బొబ్బలెక్కాయి, ఏడిస్తే ఆ బొబ్బల వంక చెప్పుకోవచ్చులే అనిపించింది.

గట్టుకు చేరి, ఆయన్ని పడవలోనే కూర్చోమని, నాలుగు అడుగులు అవతలికి నడిచి ఫోన్ చేశాను. ఇరవై ఏళ్ళు తన దగ్గర పనిచేసిన మనిషి ఇక రాలేడని సేఠ్‌కు చెప్పాను. ఫోన్‌లో వెనక మగ్గాల చప్పుడు వినబడుతోంది. సేఠ్ "ఠీక్ హై" అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని ఫోన్ చెవికి అలాగే పెట్టుకున్నాను. అప్పటికే పెట్టేశాడు.

తిరిగి వచ్చేసరికి మా ఆయన నా మొహం కేసి చూస్తున్నాడు. ఏమన్నడని అడిగాడు.

"శాన బాధపడ్డడు" అన్నాను. "గసొంటి చెయ్యి మల్ల దొరుకదన్నడు."

"గట్లన్నడా?"

"గట్లనే అన్నడు."

ఆస్పత్రిలో ఏడవని మనిషి, ఆ మాట నమ్మి ఏడ్చాడు.