ట్యాంకు మూతకు పెట్టిన బొట్టు

2018 దసరా. శంషాబాద్ పక్కన ఓ చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో మెయింటెనెన్స్ ఇంజనీరుగా ఉన్నాను. మా దగ్గర అరవై ఏళ్లు దాటిన రెండు సీట్ల విమానం ఒకటుండేది. రెక్కలకు గుడ్డ తొడుగు, ముక్కు మీద పెట్రోలు ట్యాంకు. ఆ ట్యాంకు మూతకు నడిమధ్య అగ్గిపుల్ల దూరేంత రంధ్రం ఉంటుంది. దాన్ని వెంట్ హోల్ అంటాం. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ దానిగుండా గాలి లోపలికి పోవాలి. పోకపోతే పెట్రోలు కిందికి దిగదు, ఇంజను ఆగిపోతుంది.

నాకు నోటిదురుసు ఎక్కువ. ఆయుధపూజ ముందురోజు మా మెకానిక్ యాదయ్య కార్బురేటర్ శుభ్రం చేసి బిగిస్తే, "యాదయ్యా, చూడకుండా టిక్కులు పెట్టకు. ప్రాణాలతో చెలగాటం!" అని అందరి ముందూ దులిపేశాను. పక్కనే ఉన్న సాతంరాయి ఊరి మనిషి, నాకంటే పెద్దవాడు.

మర్నాడు పూజ. స్పానర్లకీ ప్రొపెల్లర్‌కీ పసుపూ కుంకుమా పెట్టాం. మా అమ్మ నేర్పినట్టు గంధం చిక్కగా కలిపి, ట్యాంకు మూత నడినెత్తిన నా చేత్తోనే బొట్టు పెట్టాను. పైలట్ సుధగారు పక్కనే నిలబడి దణ్ణం పెట్టుకున్నారు.

విజయదశమి పొద్దున ఆవిడ ఎగరాలి. చెక్‌లిస్టులో 'వెంట్ క్లియర్' అని ఒక గడి ఉంటుంది. పూజ చేసిన మూతను ముట్టుకోబుద్ధి కాలేదు. టిక్కు పెట్టి సంతకం చేసేశాను.

ఇరవై నిమిషాలకు గాల్లో ఇంజను ఆగిపోయింది. కందుకూరు దగ్గర కోసేసిన మొక్కజొన్న చేలో ఎలాగో దింపారావిడ. చక్రం విరిగింది. ఆవిడ వెన్నుపూస చిట్లింది.

మేం వెళ్లేసరికి ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లిపోయారు. క్లబ్బు మేనేజరు యాదయ్య మీద విరుచుకుపడ్డాడు.

"కార్బురేటర్ విప్పింది నువ్వే కదా! రేపట్నుంచి పనిలోకి రావద్దు."

"నేను మంచిగనే బిగించిన సార్," అన్నాడు యాదయ్య.

నేను ట్యాంకు మూత తీసి, రంధ్రానికి నోరు పెట్టి ఊదాను. గాలి పోలేదు. రంధ్రంలో గంధం ఎండి బిగుసుకుపోయింది. గోటితో గీకేస్తే క్షణంలో ఆనవాలే లేకుండా పోతుంది. మేనేజరు ఫోన్లో ఉన్నాడు. నన్ను చూస్తున్నది యాదయ్య ఒక్కడే.

"ఏంది సార్ గట్ల నిలవడ్డరు?" అన్నాడు మెల్లగా. "మొన్న అందరి ముంగట నన్ను తిడ్తిరి. ఇగ చెప్పుండ్రి, ఆ బొట్టు ఎవలు పెట్టిన్రు?"

సిగ్గుతో చచ్చిపోయాను. మూత తీసుకెళ్లి మేనేజరు చేతిలో పెట్టాను. "బొట్టు పెట్టింది నేను. చూడకుండా సంతకం పెట్టిందీ నేనే. యాదయ్య తప్పేం లేదు," అన్నాను.

సాయంత్రం ఆసుపత్రిలో సుధగారికీ అదే చెప్పాను.

"ఎక్కేముందు నేనూ ఆ మూత చూడాలి కదండీ," అన్నారావిడ. "బొట్టు చూసి వదిలేశాను."

నా లైసెన్సు కొన్నాళ్లు ఆపేశారు. న్యాయమే. సుధగారు మాత్రం మళ్లీ ఎగరలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సహించదు.

ఆయుధపూజ మానలేదు. ఏటా పూజ మర్నాడు యాదయ్య సన్నటి తీగను మూత రంధ్రంలో దూర్చి తీసి, మూత నా చేతికిస్తాడు. నేను ఊదేదాకా పెన్ను ఇవ్వడు. పాతికేళ్లుగా నేను అందరికీ చెప్పిన పాఠం నాకు నేర్పింది ఆయనే.

"చూసిన్రా సార్?"

"చూశాను యాదన్నా."

అప్పుడు సంతకం పెడతాను.