రేకు పెట్టెలోని నోట్సు

నేను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉండగా, పాడేరు నుంచి జి.మాడుగుల వెళ్లే బస్సులో కొండమీది రైతొకాయన నా పక్కన కూర్చున్నాడు. ఒళ్లో రేకు పెట్టె ఉంది. నేను ఫిజిక్స్ హోంవర్కుతో కుస్తీ పడుతున్నాను. స్ప్రింగుకు వేలాడే బరువు ఊగుతూ ఊగుతూ ఎలా నెమ్మదిస్తుందో డిఫరెన్షియల్ ఈక్వేషన్‌తో చూపించాలి. మూడుసార్లు రాసి మూడుసార్లూ కొట్టేశాను.

"రాట్లేదేటమ్మా?" అన్నాడాయన.

తల అడ్డంగా ఊపాను. ఆయన పెట్టె తెరిచి, మడతపెట్టిన చుడీదార్ల కింద నుంచి ఒక నోట్సు తీసి ఇచ్చాడు. "మా గుంటది. ఇలాటి లెక్కలే సేసేది. ఉందేటో సూడు."

ఉంది. అదే లెక్క, ప్రతి మెట్టూ విడమరిచి రాసుంది. గబగబా ఎక్కించుకున్నాను. "మీ అమ్మాయిది ఏ కాలేజీ బాబాయ్?" అన్నాను రాస్తూనే.

"జొరమొచ్చింది. కబురు తెలిసి నానెల్లేతలికే అయిపోయింది. సామాన్లు అట్టుకెల్తన్నాను."

నేను రాయడం మానేశాను. ఆయన ఆ నోట్సు వైపే చూస్తూ అడిగాడు. "అన్నీ సరిగ్గానే సేసిందా అమ్మా? నాకు సదువు రాదు."

చివరి పేజీలో ఒక లెక్క సగంలోనే ఉండిపోయింది. "అన్నీ సరిగ్గా చేసింది" అన్నాను.

ఆయన నోట్సు అందుకుని, కండువాతో అట్ట తుడిచి పెట్టెలో పెట్టాడు. ఊరేదీ కనపడని ఒక మలుపు దగ్గర దిగి, పెట్టె నెత్తిన పెట్టుకుని కొండదారి పట్టాడు.

ఆ హోంవర్కుకు నాకు పదికి పది వచ్చాయి. అట్ట మీద ఆ అమ్మాయి పేరు ఉండే ఉంటుంది. నేను చూడలేదు.