రేకుల మీద కూర్చున్న పాస్టరమ్మ

నా చిన్నప్పుడు, మాస్కు లేకుండా గుమ్మం దాటనివ్వని కరోనా ఏళ్లలో, మేం సూరత్‌లో ఉండేవాళ్లం. నాన్న హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు. మాది చిన్న తెలుగు చర్చి. ఆదివారం ఇంజనీర్లూ మగ్గాల కార్మికులూ ఒకే చాప మీద కూర్చునేవారు. పాస్టరుగారు వారమంతా ఖటోదరాలో మరమగ్గం నడిపేవారు. ఆయన భార్యను అందరం పాస్టరమ్మ అనేవాళ్లం. కరీంనగర్ వైపు మనిషి. పాట పాడితే తప్ప ఆవిడ గొంతు వినపడేది కాదు.

రెండో విడత కరోనా ఇంకా తగ్గకముందే సౌరాష్ట్ర తీరాన్ని తుఫాను ఊడ్చేసింది. ఒక జాలర్ల పల్లెలో ఇళ్ల కప్పులన్నీ ఎగిరిపోయాయని తెలిసి, చర్చి యువజనులం సాయానికి బయల్దేరాం. నాకప్పుడు పదిహేనేళ్లు. గుజరాతీ బాగా వచ్చు కాబట్టి ఊరివాళ్లతో మాట్లాడే పని నాకు అప్పగించారు. వ్యానూ కప్పు రేకులూ మా సంఘపెద్ద ఏర్పాటు చేసి, తానూ మాతో వచ్చారు. ఆయనది బట్టల వ్యాపారం. మేం ఆరాధన చేసుకునే హాలు కూడా ఆయనదే. వంటకు పాస్టరమ్మ వచ్చింది. ఊరి పొలిమేరలో కామ్‌రేజ్ దాటాక పగలంతా పాటలు పాడుకుంటూ ప్రయాణం చేశాం.

పని మొదలయ్యాక తెలిసింది సంగతి. ఒక ఇంటికి కప్పు వేయడం పూర్తికాగానే సంఘపెద్ద ఆ ఇంటివాళ్లను గుమ్మం ముందు నిలబెట్టి, మొహం కనపడాలని మాస్కులు తీయించి, ఫోనులో వీడియో తీసేవారు. మా చర్చి పేరు చెప్పండి, చేతులు జోడించండి అని వాళ్లకు నాతో చెప్పించేవారు. పడవలు పోగొట్టుకున్న మగవాళ్లు నేలచూపులు చూస్తూ ఆ మాటలు పలుకుతుంటే నా చెవులు వేడెక్కేవి.

పల్లె చివర ఒక ముసలావిడ ఒంటరిగా ఉండేది. ఆమె భర్త కరోనాతో ఆస్పత్రిలో పోయి నెల కూడా కాలేదు. కప్పు వేస్తున్నంతసేపూ మాకు మంచినీళ్లు అందించింది. ఫోను చూడగానే కొంగు మొహం మీదికి లాక్కుని లోపలికి వెళ్లిపోయింది. ఒక్క ముక్క చెప్పి పొమ్మనమని సంఘపెద్ద నన్ను పంపారు. ఆమె గుమ్మంలోకి వచ్చి గుజరాతీలో అన్న మాట ఇది: "మా ఆయన మొహం నాకు చూపించకుండానే కాల్చేశారు. నా మొహం మీరెవరికి చూపిస్తారమ్మా?"

నేను ఆ మాట తెలుగులో చెప్పాను. సంఘపెద్ద మొహం చిట్లించి, "అయితే ఆ రేకులు దించేయండి, పక్కింటికి వేద్దాం" అన్నారు. సముద్రం మీద మబ్బులు కమ్ముకొస్తున్నాయి. నేను దించనివ్వనని నిచ్చెన పట్టుకుని నిలబడ్డాను. ఆయన కేకలేశారు.

ఆ కేకలకు పాస్టరమ్మ పొయ్యి దగ్గర్నుంచి వచ్చింది. విషయమేమిటో నన్నడిగి తెలుసుకుంది. కొంగు బొడ్లో దోపుకుని నిచ్చెనెక్కి, పెనంలా కాలుతున్న రేకుల మీద కూర్చుంది.

"ఇగ దించుండ్రి. నాతోని గలిపి దించుండ్రి."

"దిగండి సిస్టర్. చందాలిచ్చినవాళ్లకు ఏం చూపించమంటారు?"

"కప్పు చూపియ్యన్నా. ఆమె దుఃఖం చూపిచ్చుడెందుకు? నిరుడు మీ అన్న కరోనాతోని పోయిన్నాడు మీ గడప తొక్కినోళ్లు లేకుండె. నేనే బువ్వ తెచ్చి పెట్టిన. మీ వదిన ఏడుస్తుంటే ఫోను తీసిన్నా? జర యాది చేస్కో."

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు. వెళ్లి వ్యానులో కూర్చుని అద్దాలు ఎత్తుకున్నారు. ముసలావిడకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా వచ్చి, పాస్టరమ్మ దిగేదాకా నాతోపాటు నిచ్చెన పట్టుకుంది. బొబ్బలెక్కిన పాస్టరమ్మ అరచేతుల మీద నీళ్లు పోసింది. రేకులకు మిగిలిన మరలు మేం బిగించేశాం. ఆ సాయంత్రమే వాన పడింది.

సూరత్ వచ్చాక సంఘపెద్ద మిగతా ఇళ్ల వీడియోలు అందరికీ చూపించి మెప్పు పొందారు. కొన్నాళ్లకు హాలుకు తాళం పడింది. మరమ్మతులన్నారు. మరమ్మతులేవీ జరగలేదు. హజీరా ఇంజనీర్ల కుటుంబాలు చాలావరకు వేరే చర్చికి వెళ్లిపోయాయి. నాన్న మాత్రం మమ్మల్ని ఆరాధనకు నవాగామ్‌లో పాస్టరుగారి ఒంటి గదికి తీసుకెళ్లారు. ఆ ఇరుకులో పాస్టరమ్మ అందరికీ చాయ్ పోస్తుంటే నాకు కడుపు మండిపోయింది. మీకు కోపం రాలేదా అని అడిగేశాను.

"ఎందుకు రాదు బిడ్డా? ఇంకా ఉన్నది. మనకు గీ కోపం లేకపోతే ఆయన మల్ల గట్లనే చేస్తడు."

ఆ తర్వాత వరదలకూ తుఫాన్లకూ ఎన్నో ఊళ్లకు సాయానికి వెళ్లాను. ఏడుస్తున్న మనిషి మొహం ముందు ఎవరైనా ఫోను ఎత్తితే, ఈ ముసలితనంలో మోకాళ్లు నొప్పిపెడుతున్నా ఇప్పటికీ లేచి అడ్డంగా నిలబడతాను. ప్రార్థనలో చాలా వాటికి క్షమించమని అడుగుతాను. ఆ కోపానికి మాత్రం ఇంతవరకూ అడగలేదు.