సారీకి బదులు సారె

2023 వానాకాలం. హైటెక్ సిటీలో అద్దాల మేడల మధ్య ఉన్న ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో నేను పేషెంట్ రిలేషన్స్ ఆఫీసర్ని. అంటే రోగి ఇంటివాళ్లకూ యాజమాన్యానికీ మధ్య మాటలు మోసేవాణ్ని. పేరులో రిలేషన్, పనిలో పేషెన్స్. మాది భీమవరం, కాపురం కూకట్‌పల్లి. మాట చివర 'అండి' తగిలించకుండా ఉండలేని జబ్బు నాది. దానికి మా ఆసుపత్రిలో మందు లేదు.

హఫీజ్‌పేట్ నుంచి శ్రీనివాస్ అనే క్యాబ్ డ్రైవర్ డెంగీతో జనరల్ వార్డులో చేరాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లను ఆఫీసులకు తిప్పే బండి అతనిది. ఒక పొద్దున భార్య మంజుల టీకి కిందికెళ్లి వచ్చేసరికి మనిషి చెమటతో తడిసిపోయి, ఫిట్స్‌తో కొట్టుకుంటున్నాడు. ఐసీయూకి తీసుకెళ్లారు. మధ్యాహ్నానికి కళ్లు తెరిచాడు. "షుగర్ సడన్‌గా పడిపోయిందమ్మా, ఒక్కోసారి అవుతుంటుంది" అనేసి డ్యూటీ డాక్టర్ వెళ్లిపోయాడు.

సాయంత్రానికి అతనికి సింగిల్ రూమ్ ఇచ్చారు. రిబ్బను కట్టిన పళ్ల బుట్ట వచ్చింది. ఆ వెనకే నేనూ వెళ్లాను, ధైర్యం చెప్పి రమ్మన్నారని.

"ఏమైంది సార్ మా ఆయనకు?" అంది మంజుల, నిలబడే.

"ఏం కాలేదండి. మీరు కంగారు పడకండి. కూర్చోండి."

"గిదే, గిదే! పొద్దుగాల దాంక 'జరగమ్మా, అడ్డం' అన్న నర్సమ్మలు ఇప్పుడు 'కూర్చోండి మేడమ్' అంటున్రు. అడగకుంటనే రూమిచ్చిన్రు, పండ్లు పంపిన్రు. మాసొంటోళ్లకు గింత మర్యాద ఊకెనే ఇయ్యరు. ఏం దాస్తున్రు?"

"నేను అందరితోనూ ఇలాగే మాట్లాడతానండి."

"అయితే మీ మీదనే పెద్ద డౌటు."

నవ్వబోయి ఆగాను. ఆమె గొంతు తగ్గించింది.

"నా ఫికర్ వేరే సార్. గిట్లనే మళ్ల షుగర్ పడితే? ఫ్లైఓవర్ మీద, స్టీరింగ్ పట్టుకున్నప్పుడు పడితే? వెనక మంది కూసుంటరు. నేనైతే ఇగ బండి ముట్టనియ్య. మరి బండి తోలకుంటే మా బతుకేంది?"

నాకు తెలిసింది కూడా ఆమెకు చెప్పినంతే. కానీ ఆ గదిలోంచి బయటికి వస్తూ నేనూ బుట్టను అనుమానంగా చూశాను. మేం పేషెంట్లకు బిల్లు పంపుతాం గానీ పళ్లు ఎప్పుడు పంపాం?

మెడికల్ సూపరింటెండెంట్‌ని అడిగాను. ఆయన తలుపు వేసి చెప్పాడు. అదే వార్డులో ఇంకో శ్రీనివాస్ ఉన్నాడు, షుగర్ పేషెంట్. అతనికి ఇవ్వాల్సిన ఇన్సులిన్ ఇతనికి ఇచ్చారు. మా దగ్గర 'టూ ఐడెంటిఫయర్స్' అని ఒక నియమం ఉంది: మందు ఇచ్చేముందు రోగి చేతే పేరు చెప్పించాలి, చేతి పట్టీ మీది నంబరు సరిచూడాలి. పేరు మనం అందించకూడదు. ఆ పొద్దున నర్సు "శ్రీనివాస్ గారేనా?" అంది. జ్వరం మగతలో ఇతను "ఊఁ" అన్నాడు. హైదరాబాద్‌లో ఆ పేరు పిలిస్తే సగం వార్డు ఊఁ కొడుతుంది.

సంగతి అర్థమైంది. మావాళ్లు సారీ చెప్పలేక సారె పంపారు.

"రియాక్షన్ అని చెప్పండి. ఇంగ్లిష్ ముక్క పడితే ఇంక అడగరు" అన్నాడాయన.

"ఆవిడ అడుగుతారండి. మనం దాస్తే ఆయన లేని రోగంతో ఇంటికెళ్తాడు. ఇక బండి ఎక్కడు."

ఆయన నన్ను బయట కూర్చోబెట్టి ఎవరెవరికో ఫోన్లు చేశాడు. తలుపు వెనక కథ ఎలా మారుతోందో అని నాకు ఒకటే గుబులు. చివరికి బయటికొచ్చి, "పదండి, నేనే చెప్తాను" అన్నాడు.

చెప్పాడు. "అమ్మా, వేరే పేషెంట్ ఇన్సులిన్ మీ ఆయనకు ఇచ్చాం. తప్పు మాది. క్షమించండి."

"అంటే ఆయనకు షుగర్ రోగం లేదా?"

"లేదు."

"ఫిట్సు?"

"ఆ మందు వల్ల వచ్చినవే. జ్వరం తగ్గి బలం పుంజుకున్నాక బండి నడపొచ్చు."

ఇందాకటి నుంచి అందరూ కూర్చోమంటున్న కుర్చీలో అప్పుడు కూర్చుంది మంజుల. ఏడ్చింది. తర్వాత తిట్లు అందుకుంది.

"మనిషి పానం తీసేటోళ్లు! గీ ముక్క పొద్దుగాలనే చెప్తే మీ నోటి ముత్యాలు రాలుతుండెనా?" అని, నా వైపు తిరిగింది. "ఇంకేమన్న దాచిన్రా?"

"లేదండి."

"ఆ 'అండి' తీసేసి చెప్పు."

"లేదు" అన్నాను. నా సర్వీసులో అలా అనడం అదే మొదలు.

ఆమె ఫిర్యాదు చేస్తానంది. ఎవరికి, ఎలా చేయాలో నేనే చెప్పాను. చేసింది కూడా. మర్నాడు నర్సు ట్రేతో వస్తే మంజుల తలుపుకి అడ్డం నిలబడింది. "పేరు నువ్వు చెప్పకు. ఆయన్ని చెప్పనియ్యి."

మర్యాద చేస్తే అనుమానం పోతుందని అన్నేళ్లూ నమ్మాను. కారణం తెలియని మర్యాదే అనుమానాన్ని పుట్టిస్తుందని ఆమె నేర్పింది. మా తప్పు మేం చెప్పక తప్పదు, ఎందుకంటే చెప్పకపోతే అది రోగి ఒంట్లో రోగమై కూర్చుంటుంది.

డిశ్చార్జి రోజు నా టేబుల్ మీద పళ్ల బుట్ట కనిపించింది, రిబ్బను కూడా విప్పలేదు. సారె తిరిగిచ్చేసింది. సారీ మాత్రం తీసుకెళ్లింది.