మోటార్ బంద్ చేస్తే ఎటు పోతది?

భూమిలో నీళ్లు ఎటు పారుతాయో, వాటితో పాటు మురికి ఎటు పోతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టడం నేర్చుకోవడానికి కోరుట్ల నుంచి జగిత్యాలకు రోజూ బస్సులో పోయేదాన్ని. నేలను గళ్లుగళ్లుగా విడదీసి, ఒక్కో గడిలోంచి నీళ్లు ఎంత తొందరగా కదులుతాయో మనం చెప్పాలి. మొదట్లో నా కంప్యూటర్‌లో నీళ్లు గుట్ట ఎక్కేవి. సారు చూసి, "శభాష్ బిడ్డా, మోటార్ లేకుండనే ఎక్కించినవ్" అని నవ్వారు. నాకు ఒళ్లు మండింది కానీ తప్పు నాదే.

ఆ రోజుల్లోనే సిరిసిల్లలో మా చిన్నమ్మ బోరు నీళ్లు లేత రంగు తిరిగాయి. ఇంటి వెనక కొంచెం జాగాలో తోటకూర, పాలకూర పెట్టి అమ్ముకుంటుంది. అదే ఆమె బతుకు. ఎగువన ఒకప్పుడు అద్దకం షెడ్డు ఉండేది, రంగునీళ్లను గుంతలోకి వదిలేవాళ్లు. నీళ్లు పాడైతే మా ఇళ్లలో ఒకటే వైద్యం: ఉన్నవన్నీ తోడి పారబోస్తే కొత్త ఊట వస్తుంది. చేదబావుల కాలం నుంచీ ఇదే అలవాటు. చిన్నమ్మ బోరుకు కూడా అదే చేసింది. పొద్దున వేసిన మోటార్ చీకటి పడేదాకా ఆపేది కాదు.

నా చదువు అక్కరకొచ్చిందని సంబరపడ్డాను. ఆ వాడలో బోర్ల లోతులు, నీటిమట్టాలు అడిగి తెలుసుకుని, తెలియనిచోట అంచనా వేసి, ల్యాప్‌టాప్ తీసుకుని ఆమె మంచం మీద కూర్చున్నాను. రంగునీళ్లకు ఎరుపు పెట్టాను. మోటార్ నడిపితే, గుంత దగ్గరి ఎరుపు నేరుగా మా బోరున్న గడిలోకి వచ్చింది.

"నువ్వు గుంజుతున్నవ్ గనుకనే ఇటు వస్తున్నది చిన్నమ్మా. బంద్ చెయ్యి."

"బంద్ జేస్తే ఎటు పోతది?"

ఆపి చూపించాను. ఎరుపు మమ్మల్ని ఒరుసుకుంటూ కింది ఇంటికి పోయింది. ఆ ఇంట్లో బాలింత ఉంది. వాళ్లు తాగేది వాళ్ల బోరు నీళ్లే.

"అయ్యో, పచ్చి బాలింత" అంది చిన్నమ్మ. "ఎవ్వలికి పోకుండ జెయ్యరాదా బిడ్డా? గింత సదివినవ్."

కంప్యూటర్‌లో గుంతనే తీసేసి చూశాను. అప్పటికే నేలలోకి దిగిన ఎరుపు ఆగలేదు. షెడ్డు ఎప్పుడో మూతపడింది, కొట్లాడదామన్నా అక్కడ తాళం తప్ప ఎవరూ లేరు. కింది ఇంటివాళ్లకు చెబితే, "మా నీళ్లు మంచిగనే ఉన్నయ్ గద" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. గుట్ట ఎక్కిన నీళ్లను దింపడం నేర్చుకున్నాను గానీ, ఒక్క ఇంటిని తప్పించడం నా చేత కాలేదు.

కొన్నాళ్లకు చిన్నమ్మకు ఫోన్ చేసి, ఆకుకూర పెట్టావా అని అడిగాను.

"పెట్టలే బిడ్డా. గా నీళ్లతోని పండించి ఎవ్వలకు తినవెట్టాలె? మోటారైతే నడుపుతున్న. వస్తే నా దిక్కే రానీ, గా బాలింత దిక్కు పోవద్దు."

"మరి నీళ్లు ఎటు ఇడుస్తున్నవ్?"

"మోరీలకు. పోతయ్ తియ్యి."

ఆ మురుగు కాలువకు అడుగున సిమెంటు లేదు. కింది ఇంటి గోడ పక్క నుంచే పోతుంది, నీళ్లు మళ్లీ ఆ నేలలోకే ఇంకుతాయి. అయినా, "మంచిది చిన్నమ్మా" అన్నాను.