మత్స్యలింగం గారి మొదటి భాగం

2006 ఫిబ్రవరి 12, ఆదివారం, సాయంత్రం ఆరు గంటల పది నిమిషాలు. నర్సీపట్నంలోని ఒక కల్యాణ మండపంలో తెర ఇంకా వెలగలేదు. నా పక్క కుర్చీలోని మత్స్యలింగం గారు మాత్రం తీర్పు చెప్పేశారు.

"మొదటిదే బాగుంది మాస్టారూ."

ఆయన గురించి తెలుసుకోవలసిన లక్షణం ఇదొక్కటే. లోకంలో ఏది రెండోసారి వచ్చినా, ఆయన లెక్కలో మొదటిదానికి సరితూగదు. రెండో మనవడు పుట్టినప్పుడు ఆసుపత్రి వరండాలోనే, "పెద్దోడి ఏడుపులో ఉన్న పస ఈడికి లేదండీ" అన్నారు. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోతే చీకట్లో ఆయన గొంతు వినిపించేది: "మొదటి కోతే బాగుంది." కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే నాకు, ఆధారం లేని ఈ నియమం మీద చాలాకాలంగా కుతూహలం. పరీక్షించే అవకాశం ఆ రోజు దొరికింది.

పెళ్లి వీడియోలు తీసే చినబాబు 1997లో ఒక ఉత్తుత్తి డాక్యుమెంటరీ తీశాడు. ఎక్కడా లేని ఒక ఆఫీసులో, ఎన్నడూ తిరగని ఒక ఫ్యాను చరిత్రను మహా గంభీరమైన వ్యాఖ్యానంతో వినిపించే వ్యంగ్యం అది. ఎండుచేపలు అమ్మే సింహాద్రమ్మ అందులో ఫ్యాన్ల నిపుణురాలు. ఇప్పుడు వచ్చినది రెండో భాగం. ఇందులో ఫ్యాను తిరుగుతుంది. కానీ దుమ్ము పడితే వైరస్ వస్తుందని కొత్త కంప్యూటరుకు ముసుగు వేసి, బొట్టు పెట్టి, దాన్ని ఎవరూ ముట్టుకోరు. నిపుణురాలి పాత్ర డిగ్రీ చదివే దేవిశ్రీకి ఇచ్చారు.

సింహాద్రమ్మ రోలుగుంట నుంచి వచ్చి చివరి వరుసలో ముడుచుకుని కూర్చుంది. గుమ్మంలో నాతో అన్నది: "నాను బాగా సెయ్యనేదని తీసేసారంట, మా ఈదిలో అంటన్నారు బాబూ. అప్పుడు సంత రోజని నాను బొమ్మ సూడనేదు. జనం నవ్వారో నేదో నాకేటి తెలుసు?"

చినబాబు సీడీ పెట్టబోతుండగా మత్స్యలింగం గారు లేచారు.

"ఆగరా! మొదటిది సూడకుండా రెండోది బాగోలేదని ఎలా సెప్తాను?"

"సూసినా అదే సెప్తారు కదండీ!"

"రుజువుండాల కదరా."

"అది పాత కేసెట్టండీ. ఇప్పుడు వీసీఆర్ ఎవరికాడుందండీ?"

ఆయన కుర్చీ కింద నుంచి ఒక సంచి లాగారు. అందులో వీసీఆర్, కేసెట్, వైర్లు, హెడ్డు తుడవడానికి దూది కూడా ఉన్నాయి.

"సంచిలో ఉండిపోయింది" అన్నారు.

అంత బరువైన యంత్రం పొరపాటున సంచిలో ఉండిపోవడం నేను అంతకుముందు ఎరుగను.

తెర మీద తొమ్మిదేళ్ల కిందటి సింహాద్రమ్మ నడుం మీద చెయ్యి వేసుకుని చెప్పింది: "ఈ ఫేను తిరగదు బాబూ. తిరిగితే కాయితాలెగిరిపోవా? ఎగిరిన కాయితాలేరాలంటే కుర్సీలోంచి లెగాల. లెగిసే మడిసి ఈ ఆపీసులో ఉన్నాడా?"

మండపం దద్దరిల్లింది. వెనక్కి తిరిగి చూశాను. సింహాద్రమ్మ మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. తరువాత కొంగు వదిలేసి, అటూ ఇటూ ఉన్నవాళ్ల భుజాలు కుదుపుతూ, "అది నానే! నానే!" అంటోంది. దేవిశ్రీ పరుగున వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

"అమ్మమ్మా, అలా మాట్లాడ్డం నాకూ నేర్పవా?"

"ముందు నడుం మీద సెయ్యెట్టడం నేర్సుకో పిల్లా!"

తరువాత రెండో భాగం నడిచింది. మొదటిదానికి లాగే దీనికీ జనం నవ్విన ప్రతిసారీ నేను వేళ్ల మీద లెక్కపెట్టాను. ఏ కొలతతో చూసినా రెండోదే మెరుగు. బయటికి వస్తూ ఆ సంగతి మత్స్యలింగం గారికి చెప్పాను. సింహాద్రమ్మ మా దగ్గరికి వచ్చేదాకా ఆయన ఆగి, మండపమంతా వినబడేలా అన్నారు:

"మీకేటి తెలుసు మాస్టారూ! మొదటిదే బాగుంది!" ఆ వెంటనే గొంతు తగ్గించి, సింహాద్రమ్మతో, "బేగి రా అప్పా, నిన్ను తెమ్మని నే పంపిన ఆటోవోడు అక్కడే ఉన్నాడు."

నా పరిశీలనలో ఒక అంశం మాత్రం ఆయనతో అనలేదు. రెండో భాగం నడుస్తున్నంతసేపూ, తువ్వాలు నోట్లో కుక్కుకుని, మత్స్యలింగం గారు నవ్విన సార్లు: పంతొమ్మిది.