వంకర సంతకం

మా తాపీ మేస్త్రి అన్నం తింటూ కూడా ఎడం చేత్తో ఫోను పట్టుకునే ఉంటాడు. ఊళ్లో బ్యాంకు ఖాతా తెరిచినప్పుడు కోడి గీకినట్టు ఏదో సంతకం గీశాడంట. పరాయి దేశం వచ్చాక సిగ్గేసి, నాలుగేళ్లు ఖాళీ సిమెంటు సంచుల మీద రాసి రాసి ముత్యాల్లాంటి సంతకం నేర్చుకున్నాడు. సంపాదించిందంతా ఆ ఖాతాలోనే ఉంది. పెళ్లాం కడుపులో గడ్డ, శుక్రవారం ఆపరేషను. మొన్న పంపిన చెక్కు సంతకం కలవలేదని బ్యాంకువాళ్లు తిప్పిచ్చేశారు. ఇక మిగిలింది ఒక్క చెక్కే. దాన్ని ఊరికి తీసుకెళ్లే వెల్డరు బండి దగ్గర నిలబడి, "తొందరగా కానీ అన్నా, విమానం నాకోసం ఆగదు" అని అరుస్తున్నాడు.

"పాత సంతకం ఎట్లా ఉండేదే?" అని మేస్త్రి ఫోనులో పెళ్లాన్ని అడిగాడు.

"అప్పుడు నవ్వానే గానీ సరిగ్గా చూశానా? వంకరగా పెట్టవయ్యా, నీకదేమన్నా కొత్తా!" అంది. నవ్వబోయి, నొప్పికి ఆగిపోయింది.

సంచి మీద ఇరవైసార్లు గీశాడు. ఎంత వంకర తిప్పినా గుండ్రంగా, ముచ్చటగానే వస్తోంది. వెల్డరు హారను కొట్టించాడు. మేస్త్రి చెక్కు మోకాలి మీద పెట్టుకుని, పెన్ను ఎడం చేతికి మార్చుకుని, కళ్లు మూసుకున్నాడు.